పచ్చ అంటే ఏ రంగు

తార్నాకలో రెండో అంతస్తు గది.
కిటికీకి నల్లగుడ్డ కట్టాం, గోడలకి థర్మాకోల్ కొట్టాం,
అయినా మెట్రో పోయినప్పుడల్లా
గ్లాసులో నీళ్ళకి తెలిసిపోతుంది.

ఎదుట గుండ్ల బీరయ్య,
హబ్సిగూడ చౌరస్తాలో హోంగార్డు.
మా కాగితాల్లో అతని పేరు నలభై ఏడు.

తెర మీద 'ఎరుపు' అని వస్తుంది, నీలం సిరాలో.
చదవకూడదు. చూడాలి. సిరా రంగు చెప్పాలి.
అక్షరం వచ్చినవాడికి అదే కష్టం,
వద్దన్నా మాట ముందే నోటిదాకా ఉరుకుతుంది.
లోపల ఎవరో దాన్ని కాలర్ పట్టి ఆపాలి.
ఆ ఆపేవాడికి ఎంతసేపు పట్టిందో
అదే మా కొలత.

మొదటిసారి రెండువందల పన్నెండు మిల్లీసెకన్లు.
పదిహేను రోజులకి అదే కుర్చీ, అదే తెర, అరవై ఒకటి.
మూడోసారి నూట నలభై.
మోండా మార్కెట్లో చింతపండు ఇట్లా తూస్తే
సాయంత్రానికి త్రాసు రోడ్డు మీద ఉండేది.

"రాత్రి నిద్రపోయారా?"
"ఫస్టుసారి నైట్ డ్యూటీ దిగి వచ్చిన మేడం.
రెండోసారి లీవుల ఉన్న.
ఇయ్యాల పొద్దుగాల బిడ్డకు జరమొచ్చింది."
ఈ మూడు సంగతులకీ మా ఫారంలో గడి లేదు.

నుజహత్ మేడం బోర్డు మీద రెండు గీతలు గీశారు.
"తొంభైమందిని కలిపి చూడు,
ఎన్నిసార్లు చూసినా తడబాటు కనబడుతుంది. అది రాయి.
ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని అడిగావో,
వరస చెదిరిపోతుంది.
ఒక కాలంలోంచి ఇంకో కాలం తీసేస్తున్నాం కదా,
రెంటిలోనూ ఉన్న మనిషి కొట్టుకుపోతాడు.
మిగిలేది ఎక్కువగా వణుకు."
ఆ మాట నోట్సులో రాసుకోలేదు.
రాసుకున్నవి ఒక్కటీ గుర్తులేవు.

ఇంకో చిక్కు మొన్న బయటపడింది.
పసుపు సిరా చూసి బీరయ్య "పచ్చ" అన్నాడు.
తప్పు కొట్టాను.
రెండు మాటల తర్వాత ఆకురంగు చూసి మళ్ళీ "పచ్చ" అన్నాడు.
ఒప్పు కొట్టబోయి పెన్ను ఆపాను.
పచ్చజెండా ఊపితే రైలు కదులుతుంది,
పచ్చకామెర్లొస్తే కళ్ళు పసుపెక్కుతాయి,
మా అమ్మమ్మకి పూసిన గడపా పచ్చనే, నాటిన మడీ పచ్చనే.
తప్పు నలభై ఏడుదా,
పరాయి భాషలో పుట్టిన పరీక్షని
ఒక్క రాత్రిలో తెలుగు చేసిన నాదా?

మార్చాం. ఇకనుంచి 'ఆకుపచ్చ' అనాలి.
ఎరుపుకి మూడక్షరాలు, దీనికి నాలుగు.
ఆ ఒక్క అక్షరం దూరం నాలుక నడిచే కాలం
వచ్చి మళ్ళీ లెక్కలో కలిసింది.
ఒక బెజ్జం పూడిస్తే పక్కన చెమ్మ.

నిన్న వానకి హబ్సిగూడ సిగ్నల్ ఆరిపోయింది.
బస్సు అద్దాన్ని కొంగుతో తుడిచి చూశాను.
పిక్కలదాకా నీళ్ళు, నాలుగు దిక్కులా హారన్లు,
నడుమ బీరయ్య,
ఒక చెయ్యి ఎరుపు, ఒక చెయ్యి పచ్చ.
ఆటోవాడెవడో తల్లిని తిట్టాడు.
అతని పెదవి కదిలింది,
ఈల దాకా వచ్చి ఆగింది.
కుడిచెయ్యి నిదానంగా ఉప్పల్ వైపు తిరిగింది.
ఒళ్ళో బ్యాగు మీద నా బొటనవేలు
లేని గడియారాన్ని నొక్కింది.
ఆగడం చూశాను,
ఎప్పుడు మొదలైందో చూడలేదు.

ఇవాళ నాలుగోసారి.
తడి ఇంకా ఆరని బూట్లు గుమ్మం బయట విడిచి,
కుర్చీ లాక్కుంటూ అడిగాడు,
"పోయినసారి నాకంటే
ఇయ్యాల నేను మంచిగ చేస్తనా మేడం?"

చదవకండి, చూడండి, అన్నాను.
తెర వెలిగించేముందు
నీళ్ళగ్లాసు తీసి
కింద పెట్టాను.